నీలం దీపం కింద విబూది పట్టెలు

హోసూరు పక్కన మత్తిగిరిలో మా పక్కింటామె నన్ను ఏండ్ల తరబడి ఒకటే ప్రశ్న అడిగేది. కరెంటు పోయినప్పుడు నేను చీకట్లో మెరుస్తానంట గదా, నిజమేనా అని. నేను అణువిద్యుత్ కేంద్రాల పనివాళ్ళకు శిక్షణ ఇచ్చే చోట ఉద్యోగం చేస్తానని ఆమెకు తెలుసు. అంతకు మించి తెలుసుకోవాలన్న కోరిక ఆమెకు లేదు. మాది కిరణాలకు సంబంధించిన పని అని మా ఆవిడ చెప్తే వీధిలో సగం మంది కిరాణాకు సంబంధించినది అనుకొని పప్పు ధర అడిగినారు. మిగతా సగం మంది మా ఇంటి ముందు పిల్లల్ని ఆడనివ్వలేదు.

ఇప్పుడు రిటైరైనాను. ఇట్లాంటి కొలువుల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, సార్ మీ అనుభవం ఏదైనా చెప్పండి అంటారు. అనుభవం అంటే విజయం అని వాళ్ళ లెక్క, పాపం. నా దగ్గర చెప్పుకోదగ్గది ఒకటే ఉంది. నేను నిజంగానే మెరిసిన రోజు. వినండి.

మా శిక్షణ కేంద్రం మూకండపల్లి దగ్గర ఒక రేకుల షెడ్డు. అసలు విద్యుత్ కేంద్రం ఈ రాళ్ళసీమలో యాడా లేదు. అది దూరంగా సముద్రం ఒడ్డున ఉంటుంది. దాంట్లోని ఒక పంపుగదికి అచ్చు నకలు మా షెడ్డులో కట్టిపెట్టినారు. అవే పైపులు, అవే వాల్వులు, నేల మీద అదే పసుపు గీత. గీతకు అవతల రేడియేషన్ ఉన్నట్టు లెక్క. నిజానికి ఆ పైపుల్లో ఉండేది కొళాయి నీళ్ళు, అవి కూడా వచ్చిన రోజున.

ఏటా అసలు కేంద్రాన్ని ఆపి మరమ్మత్తు చేస్తారు. ఆ పనికి పోయే ఫిట్టర్లు, వెల్డర్లు ముందు మా దగ్గరికి వచ్చి నేర్చుకోవాల. ఒళ్ళంతా కప్పే సూటు, రెండు పొరల చేతి తొడుగులు, కాళ్ళ తొడుగులు వేసుకొని లోపలికి పోయి, పని చేసి, బయటికి వచ్చేటప్పుడు అవన్నీ వరస ప్రకారం విప్పాల. లోపలి దుమ్ము ఒక్క రవ్వ కూడా ఒంటికి అంటకూడదు. వేసుకొనేది ఎవరికైనా వస్తుంది. విప్పేదే విద్య.

ఆ విద్య నేర్పేవాడు మా ఇన్‌స్ట్రక్టరు. కృష్ణగిరి మనిషి. వయసులో నాకంటే కొంచెం చిన్న, గొంతులో నాకంటే చాలా పెద్ద. చిన్నతనం నుంచి అసలు కేంద్రాల్లో ఫిట్టరుగా పని చేసి చేసి మా దగ్గర కాంట్రాక్టు మీద చేరినాడు. రోజూ కృష్ణగిరి నుంచి బస్సులో వచ్చి బస్సులో పోయేవాడు. ఊర్లో ఆయనకు కొంచెం మామిడి తోట ఉండె. తొడుగు విప్పేది ఆయన చెప్పే తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మామిడి తొక్క తీసినట్ల గాదప్పా. పాము కుబుసం ఇడిసినట్ల. లోపలిది బయటికి రావాల, బయటిది లోపలికి పోవాల. పాముకు ఎవుడన్నా నేర్పినాడా? అది మనకంటే మేలు."

నా పని నేర్పేది కాదు. నేర్పింది నిలిచిందా లేదా అని కొలిచేది. శిక్షణలో చివరి అక్షరం రాలిపోతే మిగిలేది శిక్ష. ఆ అక్షరం ఇంకా అంటుకొని ఉందా అని చూసేదానికి నాకు జీతం. కుట్టేవాడికి టేపుంది, కోమటికి తక్కెడుంది. మనిషి తలలోకి ఎంత దిగిందో కొలిచే కొలబద్ద మాత్రం ఏ అంగట్లోనూ లేదు. కొలత వెతికేలోపల నాకు కలత మిగిలింది.

మొదట మా దగ్గర ఉన్న కొలత అభిప్రాయ పత్రం. కోర్సు అయిపోయినాక ప్రతివాడూ ఒక కాగితం నింపాల. శిక్షణ ఎట్లుంది, భోజనం ఎట్లుంది, బాగుందా బాగాలేదా. నేను ఆ కాగితాలు కొన్నేండ్లు శ్రద్ధగా కూడి, తీసివేసి, గీతలు గీసి పైవాళ్ళకు పంపినాను. తర్వాత ఒకనాడు అర్థమైంది. చపాతీ కుర్మా పెట్టిన రోజు శిక్షణ బ్రహ్మాండం. సాంబారు అడుగంటిన రోజు శిక్షణ కూడా అడుగంటింది. భోజనం బాగాలేదని రాసి శిక్షణ బాగుందని రాసిన కాగితం ఒక్కటంటే ఒక్కటి నాకు కనబడలేదు. అన్ని రోజులూ నేను కొలిచింది మా వంటాయన చేతిని.

సరే అని రాతపరీక్ష పెట్టినాను. అందరూ పాసైనారు. ఇదేదో బాగుందే అని ప్రశ్నల వరస మార్చి చూసినాను. అయినా అందరూ పాత వరసలోనే జవాబులు రాసిపెట్టి, పేపరు మడిచి, దండం పెట్టి పోయినారు. జవాబులు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు పెండ్లి గాజుల మాదిరి చేతులు మారుతున్నాయని నాకు తప్ప షెడ్డులో అందరికీ తెలుసు.

ఇంతలో హెడ్డాఫీసులో శిక్షణ విభాగానికి కొత్త పెద్దసారు వచ్చినాడు. గోదావరి వైపు మనిషి. మాట మెత్తన, మీసం దట్టం. వీడియో కాల్‌లో ఆయన చెప్పింది ఏమంటే, ఈ షెడ్డు ఖర్చు దండగ, మూసేసి పనివాళ్ళకు ఫోనులో ఒక వీడియో చూపిస్తే సరిపోతుందని ఆయనకు అనిపిస్తోందంట. నేను శిక్షణ విలువ గురించి ఏదో చెప్పబోయినాను. ఆయన చెయ్యెత్తి ఆపినాడు.

"చదువూ బుర్రా ఉన్న మనిషి నాలుగు తొడుగులు విప్పుకోవడానికి ఇంత తతంగం ఎందుకండీ? శిక్షణ లేనివాడు కూడా అంతే శుభ్రంగా బయటికి వస్తే మీరు చేసిందేముంది? పోల్చి చూపించండి, ఉంచేస్తాను."

న్యాయమైన మాటే. అదే వచ్చిన చిక్కు.

షెడ్డు మూస్తే నాకు పెద్ద నష్టం లేదు. రిటైర్మెంటు కొంచెం ముందు వస్తుంది, పక్కింటామెతో మాట్లాడేదానికి ఎక్కువ సమయం చిక్కుతుంది. ఇన్‌స్ట్రక్టరు సంగతి అట్ల కాదు. కాంట్రాక్టు మనిషి, ఆ వయసులో ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. టీ తాగుతా, తోట ఉంది గదా అని నేను ధైర్యం చెప్పబోతే ఒక మాట అన్నాడు. "మామిడిచెట్టు ఒక ఏడు కాస్తే ఒక ఏడు మోసం చేస్తాదప్పా. ఈ షెడ్డు ఇంతవరకు చెయ్యలేదు."

ఆ మాటతో నాకు నిద్ర పట్టక, ఆడా ఈడా వాకబు చేసి పౌడరు తెప్పించినాను.

అది ఏమంటే, ముఖానికి పూసుకొనే పౌడరు మాదిరి మెత్తటి తెల్లపొడి. పగటి వెలుతుర్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. చీకటి గదిలో, దొంగనోట్లు పట్టే ఆ నీలం దీపం వేసి చూస్తే చిలకపచ్చగా మండుతుంది. వాల్వుల మీద చల్లిపెట్టి, పనివాడిని లోపలికి పంపి, వాడు సూటు విప్పి వచ్చినాక దీపం కింద నిలబెడితే చాలు. ఎక్కడ అంటిందో ఒళ్ళే చెప్తుంది. కుర్మా ప్రమేయం ఉండదు.

పోల్చేదానికి శిక్షణ లేనివాళ్ళు కావాల గదా. ఇన్‌స్ట్రక్టరు ఒక ఆదివారం నన్ను కృష్ణగిరికి రమ్మన్నాడు. తోటలో ఆయన బావమరదులు వరసగా నిలబడి ఉన్నారు. మామిడి బుట్టల మీద పొడి చల్లి, వాళ్ళకు సూట్లు తొడిగి, బుట్టలు మోయించి, విప్పమన్నాము. వాళ్ళు చొక్కా లాగినట్టు తల మీద నుంచి లాగేసినారు. పంపుసెట్టు గదిలో దీపం వేస్తే ఒక్కొక్కడూ దీపావళి మతాబు. వాళ్ళకు అది ఎంత నచ్చిందంటే, మళ్ళీ సూటు వేసుకుంటామని పట్టుబట్టినారు. ఆవులకు కూడా చూపించినారు. నేను ఆ ఫలితం సంబరంగా పెద్దసారుకు చెప్తే ఆయన కొట్టిపారేసినాడు. బావమరదులతో పరాచికాలు పరీక్ష కాదంట, చదువున్న బాధ్యత గల మనిషి అట్ల చెయ్యడంట. తానే వచ్చి మా బ్యాచ్‌ను కళ్ళారా చూస్తానన్నాడు. చూసినాక మూసేదో ఉంచేదో చెప్తాడంట.

ఇక్కడ మా స్టోర్సమ్మ గురించి చెప్పాల. స్టోర్ గది తాళాలు ఆమె నడుముకే ఉండేవి. జూజువాడి నుంచి వచ్చేది. షెడ్డులో దేవుడి పటం, పూజ, ప్రసాదం అన్నీ ఆమె ఇలాకా. మనిషి దేనికీ జంకేది కాదు, రేడియేషన్ గుర్తుకు తప్ప. పాఠం చెప్పేదానికి ఆ గుర్తు బొమ్మలు బజార్లో కొనుక్కొచ్చింది ఆమే. అంటించినాక వాటి దగ్గరికి పోనిది కూడా ఆమే. పౌడరు వచ్చిన డబ్బా మీద ఏవో హెచ్చరికలు, బొమ్మలు, ఎర్ర అక్షరాలు ఉండె. దాన్ని తన అలమారులో పెట్టనియ్యనని ఆమె అడ్డం నిలబడింది. ఇది పిల్లలు కూడా ఆడుకొనే పొడి, ఒంటికి ఏమీ చెయ్యదు అంటే నమ్మలేదు. ఏమీ చెయ్యనిదానికి అన్ని అక్షరాలు ఎందుకన్నా అనింది.

ఆమె అన్నానికి పోయినప్పుడు పొడిని ఒక స్టీలు డబ్బాలోకి వంపి, అసలు డబ్బా పారేసి, స్టీలు డబ్బా అలమారు పై అరలో పెట్టినాను. ఇంక ఎవరికీ భయం లేదు. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను.

మా షెడ్డు గోడ మీద అరచేతి మందం అక్షరాలతో మొదటి సూత్రం రాసి ఉండేది: పేరు లేని డబ్బాలో ఏదీ పెట్టరాదు, పేరు లేని డబ్బాను ముట్టరాదు. పెయింటరు పక్కన నిలబడి ఆ అక్షరాలు దిద్దించింది నేనే. ఆ రోజు నేను ఆ గోడ కిందనే నడిచిపోయినాను.

పెద్దసారు రావడానికి ఒప్పుకున్న తేదీ చూస్తే, మా షెడ్డులో ఆయుధపూజ చేసే రోజు. హోసూరులో ఆయుధపూజ సంగతి మీకు చెప్పే పని లేదు. స్పానరు నుంచి లారీ దాకా ప్రతిదానికీ బొట్టు పడాల, లేకపోతే అది ఏడాదంతా అలుగుతుంది. పూజ మానుకోమంటే స్టోర్సమ్మ నన్ను మానుకొనేది. పూజ ముందు, పరీక్ష తర్వాత అని రాజీ కుదిరింది.

నేను మాత్రం ఒక జాగ్రత్త తీసుకున్నాను. పసుపు కూడా ఆ నీలం దీపం కింద మెరుస్తుంది. ఆ సంగతి మా వంటింట్లో దీపం వేసి చూసి, మా ఆవిడ చేతిలో తిట్లు తిని తెలుసుకున్నాను. అందుకని స్టోర్సమ్మను పిలిచి, ఈసారి పసుపు వద్దు, గంధం వద్దు, ఒట్టి విబూది చాలు అని గట్టిగా చెప్పినాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. "నీ ఇష్టమన్నా. మిషన్లు ముండమోసినట్ల ఉంటాయి, నాకేమి."

ఆ రోజు పొద్దున షెడ్డు కళకళలాడింది. మామిడాకులు, బంతిపూలు, గుమ్మడికాయ, బొరుగులు, పప్పులు. ప్రతి వాల్వుకూ, ప్రతి పంపుకూ, తగిలించిన సూట్లకు కూడా మూడేసి విబూది పట్టెలు. పసుపు, గంధం లేని లోటు తీర్చేదానికి స్టోర్సమ్మ రెండింతలు పట్టించింది. పట్టెలు ఎంత తెల్లగా, ఎంత ఒత్తుగా ఉన్నాయో అని మెచ్చుకున్నాను కూడా. వాల్వుల మీద చల్లాల్సిన చిటికెడు పొడి నేను ముందురోజే చల్లేసినాను కాబట్టి మళ్ళీ అలమారు తెరవలేదు.

పెద్దసారు వచ్చినాడు. మల్లెపువ్వు లాంటి తెల్లచొక్కా. బ్యాచ్ పిల్లలు వరసగా నిలబడితే స్టోర్సమ్మ తన మూడు వేళ్ళతో ఒక్కొక్కరి నుదుటా విబూది గీసింది. పెద్దమనిషికి నుదురు ముట్టి పెట్టకూడదు గదా, ఆయన ముందు పళ్ళెం పట్టింది. ఆయన భక్తుడు. వేళ్ళ నిండా తీసుకొని నుదుట పూసుకున్నాడు, మిగిలింది గొంతుకు, చేతులకు రాసుకున్నాడు, చివరి చిటికెడు నోట్లో వేసుకున్నాడు. అదే చేత్తో గుప్పెడు బొరుగులు తిన్నాడు. ఆయన్ని చూసి నేను కూడా పళ్ళెంలో చెయ్యి పెట్టినాను. ఇన్‌స్ట్రక్టరు నుదురు వంచి పెట్టించుకొని, అలవాటు ప్రకారం పిల్లల్ని తోలుకొని చేతులు కడుక్కొనేదానికి పోయినాడు.

పరీక్ష మొదలైంది. పిల్లలు సూట్లు వేసుకున్నారు. పెద్దసారు ఒక్కొక్కడి భుజం తట్టి, భయపడకండి, మామూలుగా చెయ్యండి అని లోపలికి పంపినాడు. వాళ్ళు వాల్వులు విప్పి, మళ్ళీ బిగించి, గీత దగ్గరికి వచ్చి కుబుసాలు విడిచినారు. ఇన్‌స్ట్రక్టరు దూరంగా చేతులు కట్టుకొని నిలబడి, ఒక్క మాట అనలేదు. ఆయన నోరు మూసుకొని అంతసేపు ఉండడం నేను చూసింది ఆ రోజే.

తర్వాత చీకటి గది. నల్లగుడ్డలు కట్టిన చిన్న గది అది. లోపల నేను, పెద్దసారు, ఇన్‌స్ట్రక్టరు. గుమ్మం దగ్గర ప్రసాదం పళ్ళెంతో స్టోర్సమ్మ. మొదటి పిల్లవాడు వచ్చి నిలబడినాడు. దీపం వేసినాను. అరచేతులు శుభ్రం. మణికట్లు శుభ్రం. మెడ శుభ్రం. మెల్లగా దీపం పైకెత్తినాను.

నుదుటి మీద మూడు పట్టెలు చిలకపచ్చగా భగభగ మండుతున్నాయి.

రెండోవాడు వచ్చినాడు. చేతులు శుభ్రం, నుదురు భగభగ. మూడోవాడు అంతే. పెద్దసారు చీకట్లోనే ఏదో రాసుకుంటున్న చప్పుడు.

"ఒకడు తప్పు చేస్తే వాడి తప్పండీ," అన్నాడు ఆయన, మెత్తగానే. "అందరూ ఒకే తప్పు చేస్తే నేర్పినవాడి తప్పు."

ఇన్‌స్ట్రక్టరు ముందుకు వచ్చి మూడోవాడిని అడిగినాడు, నుదురు ముట్టుకున్నావారా అని. లేదన్నా, సత్యంగా లేదు అన్నాడు వాడు, ఏడుపు గొంతుతో. ఇన్‌స్ట్రక్టరు ఆ నుదురును కొంచెంసేపు చూసి, ఎప్పుడూ లేనిది, నా చేతిలో దీపం లాక్కున్నాడు.

"చెమట తుడుచుకున్యాడంటే ఒక గీత ఉండాల. అదిన్నీ వంకర ఉండాల," అన్నాడు. "ఇవి మూడు. అడ్డం. అంచు కూడా చెదరలే. ఇంత సక్కంగా చెమట తుడుచుకొనేవాడు యాడున్నాడప్పా?"

అట్ల అంటా దీపం గిర్రున తిప్పినాడు. ముందు తన నుదుటికే పట్టుకొని, గోడకు తగిలించిన అద్దంలో చూసుకున్నాడు. మూడు పట్టెలు. తర్వాత నా మీదికి. నుదురు సరే, నా వేళ్ళు అయిదూ అయిదు ఆకుపచ్చ మిరపకాయలు. ముక్కు మీద ఒకటి, చెవి మీద ఒకటి, ఎప్పుడు గోక్కున్నానో. తర్వాత గుమ్మం వైపు. స్టోర్సమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా కాగడా.

చివరికి దీపం పెద్దసారు మీద ఆగింది.

ఏమని చెప్పాల. తెల్లచొక్కా సబ్బుపొడి మహిమకు ట్యూబులైటు మాదిరి నీలంగా వెలుగుతోంది. ఆ నీలం మీద జేబు దగ్గర పచ్చటి వేళ్ళు, కాలరు మీద పచ్చటి వేళ్ళు. గొంతు పచ్చ, చేతులు పచ్చ, పెన్ను పచ్చ, ఫోను పచ్చ, ఆ దట్టమైన మీసం వెంట్రుక వెంట్రుకకూ పచ్చ. మాట్లాడబోయి నోరు తెరిచినాడు. నాలిక కూడా.

ఇన్‌స్ట్రక్టరు వినయంగానే అడిగినాడు. "సార్, మీరు ఎవరి బ్యాచ్?"

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంటా నిలబడిపోయినాడు. ఇంతలో స్టోర్సమ్మ తనంతట తానే చెప్పేసింది. విబూది చాల్లేదంట. పసుపూ గంధమూ వద్దని ఈ అన్న అనె గదా, ఒట్టి విబూది ఎంతకని వస్తుంది? పై అరలో ఇంకో డబ్బా ఉండె. తెల్లగుండె, మెత్తగుండె. "ఏమన్నా రాసుంటే గదన్నా నాకు తెలిసేది."

ఇన్‌స్ట్రక్టరు గుమ్మం గుడ్డ కొంచెం పక్కకు జరిపినాడు. ఎదురుగా గోడ మీద నేను దిద్దించిన అక్షరాలు, ఎండలో తళతళా.

"ఇది ఒంటికేమైనా..." అన్నాడు పెద్దసారు. చేతిగుడ్డ తీసి నాలిక తుడుచుకున్నాడు. ఏమీ కాదు సార్, కడుపులోకి పోయినా ఏమీ కాదని డబ్బా మీదనే రాసి ఉంది అన్నాను. ఏ డబ్బా అని అడిగినాడు. పారేసిన డబ్బా అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపుకు నేను ఇంకొంచెం మెరిసుంటాను.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేదు. ఇన్‌స్ట్రక్టరు చేతిలో దీపం అడిగి తీసుకున్నాడు. తానే బయటికి పోయి, కిటికీలు మూయించి, వాల్వుల దగ్గరికి నడిచినాడు. చిటికెడు చల్లినచోట స్టోర్సమ్మ గుప్పిళ్ళు పూసింది గదా. పంపుగది మొత్తం పచ్చటి అడవి. విప్పి పడేసిన సూట్ల మీద దీపం వేసినాడు. తొడుగులు పచ్చ, ముంజేతులు పచ్చ, ప్రతి సూటు భుజం మీదా ఒక పెద్ద అరచెయ్యి. ఆ అరచెయ్యి పక్కన తన అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. తిరిగొచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి చేతులు, మెడ, చెవుల వెనక, కాళ్ళు అన్నీ వెతికినాడు. ఎక్కడా రవ్వ లేదు. నుదుట స్టోర్సమ్మ పట్టెలు, అంతే.

"వీళ్ళు విప్పింది ఆ వాల్వులేనా?"

"అవే సార్," అన్నాడు ఇన్‌స్ట్రక్టరు.

"నేను అసలు ఏమీ విప్పలేదు కదండీ."

"లేదు సార్. మీరు బొరుగులు తిన్నారు, అంతే."

అప్పుడు పెద్దసారు నవ్వినాడు. మొదట మీసం కదిలింది, తర్వాత కడుపు. నీలం దీపం చేతిలో ఊగుతా ఉంటే షెడ్డంతా పచ్చగా మినుకు మినుకుమనింది. పిల్లలు నవ్వొచ్చా నవ్వకూడదా అని ఇన్‌స్ట్రక్టరు ముఖం చూసినారు. ఆయన ముఖం తిప్పుకొని సూట్లు ఏరుకుంటున్నాడు, అవసరం లేకపోయినా.

నవ్వు అయిపోయినాక ఆయనకు ఆకలి గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన కోసం ప్రత్యేకంగా చపాతీ కుర్మా చేయించి ఉంటిమి. బయలుదేరబోతే ఇన్‌స్ట్రక్టరు తలుపుకు అడ్డం నిలబడినాడు. దీపం కింద శుభ్రంగా ఉన్నట్టు తేలేదాకా ఈడ ఎవరూ అన్నానికి పోరు సార్ అన్నాడు. రూలు. ఎవరికైనా.

పెద్దసారు కడుక్కొని వచ్చినాడు. గోళ్ళ సందుల్లో పచ్చ. మళ్ళీ పోయినాడు. ఉంగరం కింద పచ్చ. ఇందాక ఏడుపు గొంతుతో మాట్లాడిన పిల్లవాడు కొళాయి దగ్గర నిలబడి వేళ్ళ సందులు ఎట్ల రుద్దాల, మణికట్టు నుంచి కిందికి ఎట్ల రావాల అని చేసి చూపించినాడు. పెద్దసారు బుద్ధిగా అట్లనే రుద్దుకున్నాడు. మీసం దగ్గర అందరికీ ఓపిక పోయింది. గొరిగించుకుంటే తొందరగా అవుతుందని స్టోర్సమ్మ సలహా ఇచ్చింది. ఆయన దాన్ని సబ్బుతోనే కాపాడుకున్నాడు. నన్ను అదే కొళాయి దగ్గర రెండో వరసలో నిలబెట్టినారు. శిక్షణను కొలిచేవాడికి శిక్షణ ఎంత అంటిందో ఆ నీళ్ళకు తెలుసు.

షెడ్డు మూయలేదు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన నివేదికలో పోలిక పట్టిక ఒకటి పెట్టినారు. ఒక పక్క శిక్షణ పొందినవాళ్ళు, చేతులు శుభ్రం. ఇంకో పక్క శిక్షణ లేనివారు: ఇద్దరు, ఉన్నత విద్యావంతులు. పేర్లు రాయలేదు. ఆ మర్యాదకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఇన్‌స్ట్రక్టరు ఈ రోజుకూ కృష్ణగిరి బస్సులో వచ్చి పిల్లలకు పాము మాట చెప్తున్నాడు. స్టోర్సమ్మ ఆ స్టీలు డబ్బాకు ఒకటి కాదు, మూడు భాషల్లో పేరు అంటించింది. లోపల ఇప్పుడు చక్కెర ఉంది.

నేను ఆ సాయంత్రం చేతులైతే కడిగినాను గానీ, నుదుటి పట్టెలు కావాలనే ఉంచుకొని ఇంటికి పోయినాను. పక్కింటామెను పిలిచి, తలుపులు మూసి, దీపం వేసి చూపించినాను. ఇన్నేండ్ల ప్రశ్నకు జవాబు గదా, హడలిపోతుందనో దండం పెడుతుందనో అనుకున్నాను. ఆమె నిదానంగా చూసి, "అయితే మీకు కరెంటు బిల్లు తక్కువే వస్తుందన్నమాట" అని, పొయ్యి మీద పాలు పెట్టినానని పోయింది.

ఒకటి మరిచినాను. ఆ రోజు పెద్దసారు కారెక్కబోతా ఉంటే స్టోర్సమ్మ పరుగెత్తుకొంటా పోయి ఆయన చేతికి అభిప్రాయ పత్రం ఇచ్చింది. ఈ షెడ్డులో ఏం నేర్చుకున్నా అది నింపకుండా ఎవరినీ పంపకూడదని నేనే ఆమెకు నేర్పినాను. ఆ ఒక్క శిక్షణ మాత్రం బాగా నిలిచింది. ఆయన కారు మీదనే కాగితం పెట్టి నింపి ఇచ్చిపోయినాడు. నేను అన్నేండ్లు వెతికిన కాగితం అది. శిక్షణ అన్నచోట, చాలా బాగుంది అని రాసినాడు. భోజనం అన్నచోట: బాగాలేదు, చేతులు కడిగేలోపల కుర్మా చల్లారిపోయింది.